మట్టిలో మిగిలిన యుద్ధం

ఆగ్నేయాసియాలో లావోస్ అనే దేశం ఉంది. వైశాల్యంలో అది కర్ణాటక రాష్ట్రం కంటె కొంత పెద్దది. దానికి సముద్రతీరం లేదు. తూర్పున వియత్నాం, పడమట థాయిలాండ్, మయన్మార్, ఉత్తరాన చైనా, దక్షిణాన కంబోడియా దేశాలున్నాయి. పడమటి సరిహద్దు వెంట మెకాంగ్ నది చాలా దూరం ప్రవహిస్తుంది. దేశంలో ఎక్కువ భాగం కొండలు, అడవులు. వాటి నడుమ లోయల్లో వరిపొలాలు ఉంటాయి. జిగురుగా ఉండే ఒక రకం బియ్యపు అన్నం అక్కడివారి ముఖ్యాహారం.

ఈ చిన్న దేశం మీద 1964 నుంచి 1973 వరకు తొమ్మిదేళ్లపాటు బాంబులు కురిశాయి. లావోస్ ఏ పక్షానా చేరకుండా తటస్థంగా ఉండాలని 1962లో జెనీవా నగరంలో పలు దేశాలు ఒప్పందం చేసుకొన్నాయి. కాని పక్కనే వియత్నాంలో యుద్ధం సాగుతూ ఉంది. ఉత్తర వియత్నాం సైన్యం ఆయుధాలను, ఆహారాన్ని దక్షిణానికి చేరవేసే అడవిదారి లావోస్ తూర్పు అంచుల గుండా పోయేది. దానికి హో చి మిన్ బాట అని పేరు. ఆ బాటను తెంచడానికి, లావోస్ లోపల జరుగుతున్న అంతర్యుద్ధంలో ఒక పక్షానికి తోడ్పడడానికి అమెరికా విమానాలు సుమారు 5,80,000 సార్లు దాడికి వచ్చాయి. 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేశాయి. సగటు కడితే రాత్రనక పగలనక ఎనిమిది నిమిషాలకొక విమానం చొప్పున తొమ్మిదేళ్లు వచ్చినట్లు. ఈ లెక్క నమ్మశక్యంగా తోచకపోతే విద్యార్థులే కాగితం మీద వేసి చూడవచ్చు.

వేసిన బాంబుల్లో చాలా భాగం గుత్తిబాంబులు. వార్తాపత్రికలు వీటిని క్లస్టర్ బాంబులు అని రాస్తాయి. బయటికి ఒకే పెద్ద ఇనుప డొల్ల. విమానం నుంచి జారిన తరువాత అది గాలిలోనే రెండుగా విచ్చుకొంటుంది. లోపలి నుంచి ఆరు వందలకు పైగా చిన్న బాంబులు నలుదిక్కులకూ చెదురుతాయి. ఒక్కొక్కటి టెన్నిస్ బంతి అంత ఉంటుంది. దాని గోడలో వందలాది ఉక్కు గుళ్లు పొదిగి ఉంటాయి. అది పేలినప్పుడు ఆ గుళ్లు తూటాల వలె దూసుకుపోతాయి. లావోస్ ప్రజలు ఈ చిన్న బాంబులను ‘బాంబీలు’ అంటారు. పేరు వింటే ముద్దుగా ఉంటుంది. ఆ దేశం మీద చల్లిన బాంబీల సంఖ్య 27 కోట్లకు మించినదని అంచనా. వాటిలో నూటికి ముప్పై వరకు పేలలేదు. అంటే యుద్ధం ముగిసేనాటికి సుమారు ఎనిమిది కోట్ల బాంబీలు పొలాల్లో, అడవుల్లో, వాగుల ఒడ్డున, వెదురు పొదల్లో ప్రాణంతోనే మిగిలిపోయాయి.

పేలవలసిన బాంబు ఎందుకు పేలదు? దీనికి జవాబు తెలిస్తే పేలని బాంబును ఎందుకు తాకరాదో కూడా తెలుస్తుంది.

ఏ బాంబులోనైనా ముఖ్యమైన భాగాలు రెండు. మొదటిది పేలుడు మందు. ఇది పరిమాణంలో ఎక్కువ. రెండవది ఫ్యూజు. ఇంట్లో కరెంటు మీటర్ల దగ్గర ఉండే ఫ్యూజుకు, దీనికి పేరులో తప్ప పోలిక లేదు. బాంబులోని ఫ్యూజు చాలా చిన్నది. అది తగిన సమయంలో చిన్న పేలుడును పుట్టించి పెద్ద మందును అంటిస్తుంది. మందును గడ్డివామి అనుకొంటే ఫ్యూజు అగ్గిపుల్ల వంటిది. పేలని బాంబులో గడ్డివామి చెక్కుచెదరకుండా ఉంది. అగ్గిపుల్ల గీయడం మొదలై, మధ్యలో ఆగింది. ఆ పుల్ల ఎంతవరకు గీసుకొన్నదో, ఇంకెంత మిగిలిందో బయట నుంచి చూసి చెప్పడం ఎవరితరమూ కాదు.

బాంబీ గాలిలో గిరగిర తిరుగుతూ పడుతుంది. ఆ తిరుగుడుకే లోపలి ఫ్యూజు పేలడానికి సిద్ధమవుతుంది. గట్టినేలను తాకగానే పేలాలి. కాని లావోస్‌లో అది బురదగా ఉన్న వరిమడిలో పడింది, చెట్టుకొమ్మలకు తగిలి వేగం తగ్గి జారింది, వెదురు గుబురులో చిక్కుకొంది. కొన్నింటిలో తయారీలోనే లోపం ఉంది. ఇలా ఆగిపోయిన బాంబీ చల్లారిన నిప్పు కాదు. పడేటప్పుడు తగలని దెబ్బ యాభై ఏళ్ల తరువాత గునపం అంచు నుంచి తగలవచ్చు. కొన్నిసార్లు పక్కకు ఒత్తిగిల జేసినా చాలు.

పాతబడితే మందు చచ్చిపోతుందని, వానకు నాని పాడవుతుందని చాలామంది అనుకొంటారు. తినే పదార్థాలు కుళ్లుతాయి. టపాకాయలు నానితే తుస్సుమంటాయి. ఆ అనుభవంతో అలా అనుకోవడం సహజమే. కాని సైనికులు వాడే పేలుడు మందులు చాలావరకు గట్టి లోహపు గోడల మధ్య మూసి ఉంటాయి. దశాబ్దాలు గడిచినా వాటి శక్తి పోదు. మొదట పాడయ్యేది ఫ్యూజులోని సన్నని భాగాలు. బాంబును పేలకుండా పట్టి ఉంచే పిన్నులు, తీగచుట్టలు తుప్పు పట్టి బలహీనమవుతాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలపు ఫిరంగి గుండ్లలో కొన్నింటిలో పిక్రిక్ ఆమ్లం అనే మందు ఉండేది. అది లోహంతో కలిసి కాలక్రమాన కొత్త లవణాలను ఏర్పరుస్తుంది. ఆ లవణాలు అసలు మందు కంటె సున్నితమైనవి. కాబట్టి అటువంటి గుండు ముసలిదయ్యేకొద్దీ మరింత ప్రమాదకరం అవుతుంది.

ఇందుకు సాక్ష్యం బెల్జియం దేశంలోని ఈప్ర పట్టణ పరిసరాలు. 1914 నుంచి 1918 వరకు అక్కడ ఘోరమైన పోరాటాలు జరిగాయి. భారతదేశం నుంచి వెళ్లిన సైనికులు కూడా ఆ నేల మీద పోరాడి మరణించారు. ఆ పొలాల్లో రైతులు దున్నిన ప్రతి ఏడూ నాగళ్లకు గుండ్లు తగులుతూనే ఉన్నాయి. ప్రజలు దీనికి ‘ఇనుప పంట’ అని పేరు పెట్టారు. సైన్యానికి చెందిన వాహనం వచ్చి ఆ గుండ్లను తీసుకుపోతుంది. ఏటా వంద టన్నులకు మించి పోగవుతాయి. 2014 మార్చిలో ఆ పట్టణంలో ఒక నిర్మాణస్థలం వద్ద పాత గుండు పేలి ఇద్దరు పనివారు చనిపోయారు. యుద్ధం మొదలై అప్పటికి దాదాపు నూరేళ్లు. ఆ గుండును పేల్చినవారు గాని, ఎవరిమీదకు పేల్చారో వారు గాని అప్పటికి జీవించి లేరు.

మళ్లీ లావోస్‌కు వద్దాం. అక్కడ యుద్ధకాలంలోను, ఆ తరువాతను కలిపి ఈ మందుగుండు వల్ల చనిపోయినవారు, గాయపడినవారు యాభై వేలకు పైగా ఉన్నారని లెక్క తేలింది. వారిలో సుమారు ఇరవై వేలమంది యుద్ధం ముగిసిన తరువాత ప్రమాదానికి గురైనవారే. వీరంతా బాంబులతో చెలగాటమాడినవారు కారు. ఎక్కువమంది తమ పని తాము చేసుకొంటున్నవారు. రైతు కొత్త మడి కోసం నేల తవ్వుతాడు. ఇల్లాలు ఆరుబయట నేలమీద పొయ్యి రాజేస్తుంది. ఆ వేడికి నేలలో జానెడు లోతున ఉన్న బాంబీ పేలుతుంది. పొలాలకు ముందు అడవిని కాల్చే ఆచారం కొండప్రాంతాల్లో ఉంది. ఆ మంటల్లోను ఇలాగే జరుగుతుంది.

పిల్లల సంగతి వేరు. లావోస్‌ను పూర్వం ఫ్రెంచివారు పాలించారు. వారి నుంచి వచ్చిన పెటాంక్ అనే ఆట అక్కడ ఊరూరా ఆడతారు. లోహపు బంతులను నేలమీద విసిరి ఆడే ఆట అది. ఆ బంతి పరిమాణం, బాంబీ పరిమాణం ఇంచుమించు ఒకటే. 2017 మార్చిలో సియెంగ్ ఖువాంగ్ రాష్ట్రంలో పదేళ్ల బాలిక ఒకతె బడి నుంచి వస్తూ దారిలో ఒక బాంబీని చూసి, ఆటబంతి అనుకొని ఇంటికి తెచ్చింది. అది పేలి ఆమె మరణించింది. చుట్టూ ఉన్న పలువురు గాయపడ్డారు. ఆ బాలిక పుట్టేనాటికే యుద్ధం ఆగి ముప్పై ఏళ్లు దాటింది.

తెలిసీ ముట్టుకొనేవారు కూడా ఉన్నారు. వారిని మూర్ఖులనడం తొందరపాటు. లావోస్ పల్లెల్లో తుక్కు ఇనుముకు మంచి ధర పలికేది. పంట చాలని ఇంటివారు, కూలి దొరకని రోజుల్లో, పొలాల్లో ఇనుము వెదికి అమ్ముకొనేవారు. పిల్లలు కూడా చౌకగా దొరికే లోహశోధక యంత్రాలు పట్టుకొని తిరిగేవారు. ఇనుప డొల్ల దొరికితే బియ్యం వచ్చేవి. దాని పక్కనే బాంబీ ఉంటే ప్రాణం పోయేది. కడుపు కూటికి చేసే పనిని ఒక్క హెచ్చరిక బోర్డుతో మాన్పించడం కష్టం.

యుద్ధం మిగిల్చిన లోహం వారి జీవితంలో ఎంతగా కలిసిపోయిందో చెప్పడానికి అక్కడి ఇళ్లే చాలు. గుత్తిబాంబుల పొడవైన డొల్లలను నిలబెట్టి ఇళ్లకు గుంజలుగా వాడుకొన్నారు. దడులు కట్టుకొన్నారు. వాటిలో మట్టి నింపి ఉల్లి, కొత్తిమీర పెంచారు. విమానాలు జారవిడిచిన పెట్రోలు తొట్లను పడవలుగా మలచుకొన్నారు. సియెంగ్ ఖువాంగ్‌లో బాన్ నాఫియా అనే గ్రామం ఉంది. అక్కడివారు విమానశకలాల అల్యూమినియాన్ని మట్టిపొయ్యిలో కరగించి, అచ్చుల్లో పోసి చెంచాలు తయారు చేస్తారు. ఆ చుట్టుపక్కల భోజనశాలల్లో ఆ చెంచాలే కనిపిస్తాయి. ఖాళీ డొల్ల ప్రమాదం లేనిదే. కాని అది ఖాళీదా కాదా అని తేల్చవలసినవాడు దానిని మోసుకొచ్చినవాడు కాదు.

పేలని మందుగుండును గుర్తుపట్టడం ఎలా? బాంబీ గుండ్రంగా బత్తాయిపండు వలె ఉంటుంది. కొన్ని రకాలు డబ్బా ఆకారంలో, తోకకు రేకులతో ఉంటాయి. చేతిబాంబు జామకాయంత ఉంటుంది, కొన్నింటి పైభాగం సీతాఫలం వలె గళ్లు గళ్లుగా ఉంటుంది. మోర్టారు గుండు దోసకాయ వలె కోలగా ఉండి, సన్నని తోకకు రెక్కలు కలిగి ఉంటుంది. ఫిరంగి గుండు మొన తేలిన సీసా వంటిది. దానికి చాలాసార్లు అడుగుభాగం దగ్గర రాగిపట్టీ కనిపిస్తుంది. విమానపు బాంబు మనిషంత పొడవు కూడా ఉండవచ్చు.

అయితే ఈ వర్ణన అంతా కొత్త వస్తువుకు సరిపోతుంది. నేలలో నలభై యాభై ఏళ్లున్న వస్తువు ఇలా ఉండదు. రంగు ఊడుతుంది. అక్షరాలు చెరిగిపోతాయి. మట్టి, తుప్పు అట్టకట్టి రాయి వలె కనిపిస్తుంది. రెక్కలు వంగి విరిగిపోతాయి. తరచుగా ఒక అంచు మాత్రమే పైకి తేలి ఉంటుంది. శిక్షణకు వాడే గుండ్లకు నీలం, అసలు గుండ్లకు వేరే రంగులు వేసే పద్ధతి కొన్ని సైన్యాల్లో ఉంది. కాని ఆ పద్ధతి దేశదేశానికీ, కాలకాలానికీ మారుతుంది. రంగును నమ్మి తాకడం నీటి లోతు తెలియక బావిలో దూకడం వంటిది. ఇది ఏ రకమో తేల్చడం నిపుణుల పని. ఊరివారు గుర్తుపట్టవలసింది ఇంతకంటె సులభమైనది: ఇది పొలం పనిముట్టు కాదు, వంటపాత్ర కాదు, బండి భాగం కాదు, ఇక్కడ ఉండవలసిన వస్తువు కాదు. అంతవరకు తెలిస్తే చాలు. సరిగ్గా చూడాలని దగ్గరకు పోవడమే అసలు తప్పు.

అటువంటి వస్తువు కనబడగానే ఉన్నచోటనే ఆగాలి. ఒకటి కనిపించినచోట మరికొన్ని ఉండే అవకాశం ఎక్కువ. గుత్తిబాంబు విషయంలో అది దాదాపు ఖాయం. అందువల్ల కంగారుగా ఏదో ఒక వైపు పరుగెత్తకూడదు. వచ్చిన దారినే, వచ్చిన అడుగుల మీదనే మెల్లగా వెనుకకు రావాలి. తోడువచ్చినవారిని కూడా అలాగే రమ్మనాలి. చెట్టు, గట్టు, కరెంటు స్తంభం వంటి గుర్తు ఒకటి మనసులో పెట్టుకోవాలి. గుర్తు కోసం దాని పక్కన కర్ర పాతడం, రాళ్లు పేర్చడం పనికిరాదు. ఫొటో తీయడానికి సెల్‌ఫోను పట్టుకొని దగ్గరకు పోకూడదు. దూరంగా వచ్చిన తరువాతనే ఫోను చేయాలి. తల్లిదండ్రులకో, ఉపాధ్యాయులకో, పోలీసులకో ఆ చోటు గురించి చెప్పాలి. పెద్దవాళ్లు వచ్చేవరకు ఇతర పిల్లలను, పశువులను అటు పోనీయకుండా చూడాలి. వింత చూడడానికి జనం మూగితే ఒక్కరికి రావలసిన ప్రమాదం పదిమందికి వస్తుంది.

కొందరు మంచి ఉద్దేశంతోనే చెడ్డపని చేస్తారు. దారిలో పిల్లలు తొక్కుతారేమోనని గుండును తీసి పక్కన పెడతారు. నీళ్లలో వేస్తే చల్లారుతుందని చెరువులోనో బావిలోనో పడవేస్తారు. గోయి తీసి పూడుస్తారు. మంట వేసి పేల్చివేద్దామనుకొంటారు. పేలుతుందో లేదో చూద్దామని రాయి విసురుతారు. కదిపినందువల్ల ఫ్యూజు కదులుతుంది. నీటిలోని గుండు ఎండాకాలం మళ్లీ బయటపడుతుంది. పూడ్చినది మరొకరి గునపానికి తగులుతుంది. పోలీసు స్టేషనుకు చేతిలో పట్టుకొని తీసుకువెళ్లిన సందర్భాలు కూడా లోకంలో ఉన్నాయి. కబురు వెళ్లాలి కాని, గుండు వెళ్లరాదు.

నిపుణులు ఏం చేస్తారు? పొలాన్ని తాళ్లతో సన్నని పట్టీలుగా విభజిస్తారు. ఒక్కొక్క పట్టీలో లోహశోధక యంత్రంతో అడుగడుగూ గాలిస్తారు. యంత్రం మోగిన ప్రతిచోట పక్కనుంచి మట్టిని కొద్దికొద్దిగా తొలగిస్తారు. నూరుసార్లు మోగితే చాలాసార్లు బయటపడేది మేకో, డబ్బా మూతో, బాంబు ముక్కో. అయినా నూట ఒకటవసారి కూడా మొదటిసారి చూపిన జాగ్రత్తే చూపాలి. బాంబీ దొరికితే సాధారణంగా దానిని ఎత్తరు. చుట్టూ ఇసుకబస్తాలు పేర్చి, ఊరివారిని దూరం పంపి, ఉన్నచోటనే పేల్చివేస్తారు. ఎత్తి తీసుకుపోవచ్చునా కూడదా అనేది శిక్షణ పొందినవారే నిర్ణయిస్తారు. వారికి కూడా ఇది ప్రాణాపాయం లేని పని కాదు. జర్మనీలోని గట్టింగెన్ నగరంలో 2010 జూన్‌లో రెండవ ప్రపంచయుద్ధపు బాంబును నిర్వీర్యం చేయడానికి సిద్ధమవుతుండగానే అది పేలి ముగ్గురు నిపుణులు మరణించారు. అదే దేశంలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 2017 సెప్టెంబరులో ఒక పెద్ద బ్రిటిష్ బాంబు బయటపడింది. అరవై వేలమందిని ఇళ్లు ఖాళీ చేయించిన తరువాతనే దానిమీద చేయి వేశారు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు.

లావోస్‌లో ఈ పని కోసం 1996లో ప్రభుత్వమే ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. విదేశీ స్వచ్ఛంద సంస్థలు కూడా పనిచేస్తున్నాయి. పొలాల్లో గాలించే బృందాల్లో స్త్రీలు చాలామంది ఉన్నారు. పూర్తిగా స్త్రీలతోనే ఏర్పడిన బృందాలు కూడా ఉన్నాయి. సియెంగ్ ఖువాంగ్‌లో వందలకొద్దీ పెద్ద పెద్ద రాతి జాడీలున్న ప్రాచీన మైదానం ఉంది. 2019లో అది ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. అక్కడ నేలలో చిన్న పలకలు పాతి ఉంటాయి. పలకలో సగం తెలుపు, సగం ఎరుపు. తెలుపు వైపు నేలను శుభ్రం చేశారని, ఎరుపు వైపు పోరాదని అర్థం. రెండు వేల ఏళ్లనాటి జాడీలను చూడడానికి వచ్చినవారు యాభై ఏళ్లనాటి బాంబుల కోసం నేల చూసుకొంటూ నడవాలి.

రాజధాని వియన్‌టియాన్‌లో ‘కోప్’ అనే సంస్థ కాళ్లు చేతులు కోల్పోయినవారికి కృత్రిమావయవాలు అమర్చుతుంది. దాని ప్రదర్శనశాలలో పైకప్పు నుంచి కృత్రిమ కాళ్లు వరుసలుగా వేలాడుతూ కనిపిస్తాయి. వాటిలో పల్లెవాసులు వెదురు, కర్ర, రేకులతో తమకు తామే చేసుకొన్నవి కూడా ఉన్నాయి. చేతిబొమ్మలాటలతో, పాఠాలతో బడిపిల్లలకు బాంబీల గురించి నేర్పే కార్యక్రమాలు అక్కడ చాలాకాలంగా జరుగుతున్నాయి. 2008లో దేశం మొత్తం మీద మూడు వందలమంది ప్రమాదాల పాలయ్యారు. తరువాతి సంవత్సరాల్లో ఆ సంఖ్య పదుల్లోకి తగ్గింది. నేల అంతా శుభ్రమై కాదు. శుభ్రమైన నేల ఇంకా కొద్దిభాగమే. తాకరాదని తెలిసినవారు పెరిగినందువల్ల ఈ మార్పు చాలావరకు వచ్చింది. 2016 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా లావోస్ వెళ్లారు. అధ్యక్షపదవిలో ఉండగా అక్కడ అడుగుపెట్టిన మొదటి అమెరికన్ ఆయనే. బాంబుల తొలగింపుకు మూడేళ్లలో తొమ్మిది కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. గుత్తిబాంబులను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2008లో కుదిరి 2010 ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. వందకు పైగా దేశాలు అందులో చేరాయి. అమెరికా, రష్యా, చైనా, భారతదేశం చేరలేదు.

లావోస్ దూరదేశమే. కాని పేలని మందుగుండు మన దేశానికి కొత్తది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. యానాంకు కాకినాడ కూతవేటు దూరం. విశాఖలో సముద్రతీరపు రోడ్డున ఉన్న మ్యూజియంలో ఆనాటి జపాను బాంబు ఒకటి ప్రదర్శనకు ఉంచారు. నిర్వీర్యం చేసిన బాంబును తేరిపార చూడడానికి తగిన స్థలం అదే. 1944లో ఇంఫాల్, కోహిమాల వద్ద జపాను సైన్యంతో భీకరమైన పోరాటం జరిగింది. మణిపూర్‌లో పునాదులు తవ్వేటప్పుడు ఆనాటి బాంబులు నేటికీ బయటపడుతుంటాయి.

యుద్ధం జరగని చోట్ల కూడా ఈ ప్రమాదం రెండు దారుల్లో వస్తుంది. మొదటిది తుక్కు. 2004 సెప్టెంబరు 30న ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో విదేశాల నుంచి దిగుమతి అయిన తుక్కు ఇనుములో కలిసివచ్చిన గుండ్లు పేలి పదిమంది కార్మికులు చనిపోయారు. ఎక్కడో జరిగిన యుద్ధపు గుండ్లు ఓడలెక్కి వచ్చి, ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేనివారిని చంపాయి. ఆ తరువాత తుక్కు దిగుమతికి తనిఖీ నిబంధనలను కఠినం చేశారు. రెండవది సైన్యం శిక్షణ కోసం గుండ్లు పేల్చే మైదానాలు. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో ఫిరంగి దళాల శిక్షణాలయం ఉంది. ఇటువంటి మైదానాలు పలు రాష్ట్రాల్లో ఉన్నాయి. పేల్చిన గుండ్లలో కొన్ని పేలకుండా నేలలో దిగబడతాయి. ఇత్తడి, ఇనుము ఏరి అమ్ముకొందామని ఆ హద్దుల్లోకి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకొన్న పల్లెవాసులు, వారి పిల్లలు ఎందరో ఉన్నారు. గుండును విరగగొట్టి లోపలి ఇత్తడి తీయబోయి ఇంటిముంగిటనే కుటుంబం మొత్తం బలైన ఉదంతాలు కూడా ఉన్నాయి.

కాబట్టి పాత సామాను కొనే దుకాణంలో గాని, వాగు కోసిన ఒడ్డున గాని, బావి పూడిక తీసేటప్పుడు గాని అటువంటి వస్తువు కనిపిస్తే దూరంగా వచ్చి 112 నంబరుకు ఫోను చేయవచ్చు. దగ్గరలోని పోలీసు స్టేషనుకు కబురు పంపినా సరిపోతుంది. బాంబులను నిర్వీర్యం చేసే దళాన్ని, అవసరమైతే సైన్యాన్ని పిలిపించడం పోలీసుల బాధ్యత. చివరకు అది పాత పంపు ముక్క అని తేలినా కబురు చెప్పినవారిని ఎవరూ తప్పుపట్టరు.

పదాలు – అర్థాలు

తటస్థం : ఏ పక్షానికీ చేరకపోవడం
అంతర్యుద్ధం : ఒకే దేశంలోని వర్గాల మధ్య జరిగే యుద్ధం
శకలం : ముక్క
లోహశోధక యంత్రం : నేలలోని లోహాన్ని పసికట్టే యంత్రం
నిర్వీర్యం చేయు : శక్తి లేకుండా చేయు
ఉదంతం : జరిగిన సంగతి

ప్రశ్నలు

1. లావోస్ తటస్థంగా ఉండాలన్న ఒప్పందం ఉన్నప్పటికీ అక్కడ బాంబులు ఎందుకు పడ్డాయి?
2. గడ్డివామి, అగ్గిపుల్ల పోలికతో పేలని బాంబు స్థితిని మీ మాటల్లో వివరించండి.
3. నానిన టపాకాయకు, నానిన ఫిరంగి గుండుకు భేదం ఏమిటి?
4. “వారిని మూర్ఖులనడం తొందరపాటు.” ఈ మాట ఎవరిని గురించి చెప్పారు? మీరు అంగీకరిస్తారా? ఎందుకు?
5. బర్రెలు మేపే ఒక బాలుడు వాగు ఒడ్డున తోకకు రెక్కలున్న తుప్పు వస్తువును చూశాడు. అతనితో అతని చెల్లెలు కూడా ఉంది. వారిద్దరూ ఏమేమి చేయాలో, ఏమేమి చేయకూడదో సంభాషణ రూపంలో రాయండి.
6. పాత ఇనుము కొనేవారిని మీ ప్రాంతంలో ఏమని పిలుస్తారు? ఆ మాట తెలుగుదా, మీ చుట్టుపక్కల మాట్లాడే కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ భాషల్లో ఒకదాని నుంచి వచ్చిందా? పెద్దలను అడిగి తెలుసుకోండి.

భాషాంశాలు

అ) కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
ముఖ్యాహారం, ఆగ్నేయాసియా, దేశాలున్నాయి, నిమిషాలకొక

ఆ) కింది జాతీయాలను సొంతవాక్యాల్లో ప్రయోగించండి.
రాత్రనక పగలనక, కడుపు కూటికి, చెక్కుచెదరకుండా, కూతవేటు దూరం

ఇ) కింది వాక్యాలను కలిపి ఒకే వాక్యంగా రాయండి.
రైతు నేల తవ్వాడు. గునపానికి ఇనుము తగిలింది. అతడు పని ఆపాడు. వచ్చిన దారినే వెనుకకు వచ్చాడు.